వీపీఎన్‌లో స్ప్లిట్ డీఎన్ఎస్: సరిహద్దు ఊళ్ల నుంచి పనిచేసేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం... ఈ ఊళ్లలో ఇంట్లోనే కూర్చుని వైజాగ్‌, హైదరాబాద్‌, భువనేశ్వర్‌ కంపెనీలకు పనిచేస్తున్న మనవాళ్లు చాలామందే ఉన్నారు. ఊరు మారినా వాళ్లడిగే సందేహాలు మాత్రం మారవు. అందుకే వాటిని ఒకచోట పెట్టాను. ఏ ప్రశ్న కావాలంటే నేరుగా దాని దగ్గరికే వెళ్లి చదువుకోవచ్చు.

వీపీఎన్ అంటే ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వేసుకున్న రహస్య దారి, దాన్నే టన్నెల్ అంటారు. డీఎన్ఎస్ అంటే సైటు పేరు చెబితే దాని ఐపీ అడ్రస్‌ను, అంటే అంకెల చిరునామాను చెప్పే ఏర్పాటు. ఉదాహరణల కోసం ఆఫీసు డొమైన్ ఆఫీస్.ఇంటర్నల్ అనీ, ఆఫీసు డీఎన్ఎస్ సర్వర్ 10.20.0.53 అనీ అనుకుందాం. మీ ఆఫీసువి వేరే ఉంటాయి. కమాండ్లను పలికే తీరులో తెలుగులో రాశాను, టైప్ చేసేటప్పుడు ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

## మొదలుపెట్టే ముందు

స్ప్లిట్ డీఎన్ఎస్ అంటే అసలేంటి? ఒక్క ముక్కలో చెప్పండి.

ఆఫీసు పేర్లను ఆఫీసు డీఎన్ఎస్‌ని, మిగతా పేర్లన్నిటినీ ఇంటి నెట్ డీఎన్ఎస్‌ని అడగడం. పర్లాకిమిడిలో ఇల్లు, నది దాటితే పాతపట్నం వైపు పొలం ఉన్నాయనుకోండి. ఇంటి కాగితాల కోసం ఒడిశా తహసీల్దారు దగ్గరికి, పొలం కాగితాల కోసం ఆంధ్రా తహసీల్దారు దగ్గరికి వెళ్తారు. తప్పు ఆఫీసులో అడిగితే ‘అలాంటి నంబరు మా దగ్గర లేదు’ అంటారు. అందులో అబద్ధం లేదు, వాళ్ల రికార్డులో నిజంగానే ఉండదు. ఆఫీస్.ఇంటర్నల్ కింద ఉన్న పేరును ఇంటి నెట్ కంపెనీ డీఎన్ఎస్‌ని అడిగినా అదే జరుగుతుంది. ఏ పేరు గురించి ఎవరిని అడగాలో కంప్యూటర్‌కి ముందే చెప్పి ఉంచడమే ఈ సెట్టింగ్.

ఇప్పుడు అన్నీ బాగానే నడుస్తున్నాయి. నాకిది అవసరమా?

అవసరం లేదు. నడుస్తున్నదాన్ని కదపకండి.

వీపీఎన్ పెట్టగానే ఆఫీసు సైట్లు వస్తాయి గానీ, వీడియోలు నత్తనడక నడుస్తాయి. దీనికీ డీఎన్ఎస్‌కీ సంబంధం ఏంటి?

రెండు కారణాలు ఉండొచ్చు. మొదటిది, మీ ట్రాఫిక్ మొత్తం ఆఫీసు మీదుగా తిరిగి వస్తుండటం. అది డీఎన్ఎస్ సమస్య కాదు, టన్నెల్ సమస్య. రెండోది చాలామందికి తట్టదు. పెద్ద వీడియో సైట్లు ఒకే కంటెంట్‌ను ఎన్నో ఊళ్ల సర్వర్లలో ఉంచుతాయి. మిమ్మల్ని ఏ సర్వర్‌కు పంపాలన్నది చాలాసార్లు ప్రశ్న ఏ డీఎన్ఎస్ సర్వర్ నుంచి వచ్చిందో చూసి తేలుస్తాయి. మీ కంపెనీ డీఎన్ఎస్ జర్మనీలో ఉంటే, రాయగడలో కూర్చున్న మీకు యూరప్ దగ్గరి సర్వర్ అడ్రస్ వస్తుంది. ట్రాఫిక్ ఇంటి ఫైబర్ మీదుగానే పోతున్నా సముద్రాలు దాటి వెళ్లి రావాలి. పైగా కొత్త సైట్ తెరిచిన ప్రతిసారీ పేరు అడగడానికే అంత దూరం ప్రయాణం. స్ప్లిట్ డీఎన్ఎస్ ఈ రెండో కారణాన్ని తీసేస్తుంది. మొదటిది అలాగే ఉంటుంది.

స్ప్లిట్ టన్నెల్, స్ప్లిట్ డీఎన్ఎస్ ఒకటేనా?

కాదు. స్ప్లిట్ టన్నెల్ తేల్చేది ఏ ఐపీ అడ్రస్‌కు వెళ్లే డేటా వీపీఎన్‌లోంచి పోవాలన్నది. స్ప్లిట్ డీఎన్ఎస్ తేల్చేది ఏ పేరు గురించి ఎవరిని అడగాలన్నది. ఒకటి ఉండి రెండోది లేకపోతేనే చిక్కంతా. టన్నెల్ మాత్రమే స్ప్లిట్ అయి ఉంటే, యూట్యూబ్ డేటా ఇంటి నెట్‌లో పోతుంది గానీ దాని పేరు మాత్రం ఆఫీసును అడుగుతుంది. డీఎన్ఎస్ మాత్రమే స్ప్లిట్ అయి, ఆఫీసు సర్వర్ల ఐపీ రేంజ్ టన్నెల్‌లో లేకపోతే పేరుకు అడ్రస్ దొరుకుతుంది గానీ పేజీ తెరుచుకోదు.

వైఫై సెట్టింగ్‌లో మొదటి డీఎన్ఎస్‌గా ఆఫీసుది, రెండోదిగా గూగుల్ డీఎన్ఎస్ 8.8.8.8 పెట్టేస్తే పని అయిపోదా?

ఎక్కువమంది చేసేది ఇదే, పనిచేయనిదీ ఇదే. ‘మొదటిదానికి తెలియకపోతే రెండోదాన్ని అడుగుతుంది’ అనుకుంటారు. అలా జరగదు. మొదటి సర్వర్ బొత్తిగా జవాబు ఇవ్వనప్పుడే కంప్యూటర్ రెండోదాని దగ్గరికి వెళ్తుంది. ‘ఆ పేరు లేదు’ అన్నది కూడా డీఎన్ఎస్ లెక్కలో పూర్తి జవాబే, అక్కడితో వెతుకులాట ఆగిపోతుంది. కాబట్టి వరస తిప్పి 8.8.8.8 ముందు పెట్టినా ఆఫీసు పేర్లు దొరకవు. ఆఫీసుది ముందు పెడితే వీపీఎన్ తెగినప్పుడల్లా ప్రతి సైటుకూ టైమవుట్ దాకా ఆగాలి. ‘నెట్ పోయింది’ అని కేబుల్ వాళ్లకు ఫోన్ చేసేది అప్పుడే. పేరును బట్టి దారి మార్చడం ఈ రెండు గడులకు చేతకాని పని.

హోస్ట్స్ ఫైల్‌లో (పేర్లూ వాటి ఐపీలూ చేత్తో రాసుకునే ఫైల్) రెండు లైన్లు రాసుకుంటే సరిపోదా?

రెండు మూడు సర్వర్లే అయితే సరిపోతుంది. వాటి ఐపీ మారిన రోజు మాత్రం ఎవరూ మీకు చెప్పరు.

ఆఫీసు లాప్‌టాప్‌లో నేనే మార్చేసుకోవచ్చా?

అడగకుండా వద్దు. కొన్ని కంపెనీలు మాల్వేర్ సైట్లను డీఎన్ఎస్ దగ్గరే అడ్డుకుంటాయి. మీరు దారి మార్చితే ఆ కాపలా పోతుంది. తర్వాత ఏమైనా అయితే వేలు మీ వైపే చూపిస్తారు. ఐటీ టీమ్‌కు ఒక మెయిల్ పెట్టండి: స్ప్లిట్ డీఎన్ఎస్‌కు అనుమతి ఉందా, లోపలి డీఎన్ఎస్ సర్వర్ల ఐపీలు ఏవి, లోపలి డొమైన్లు మొత్తం ఏవేవి, వాటి ఐపీ రేంజ్‌లు ఏవి. డొమైన్ల జాబితా పూర్తిగా రాబట్టండి. ఒక్కటే చెప్పి ఊరుకుంటారు. జీతాల పోర్టల్ ఇంకో డొమైన్‌లో ఉందని నెలాఖరున తెలుస్తుంది.

వీపీఎన్ వాడటం మన దేశంలో నేరమా? 2022లో ఏదో రూలు వచ్చిందన్నారు.

ఆఫీసు పనికి కంపెనీ ఇచ్చిన వీపీఎన్ వాడటం నేరం కాదు. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాలు జనానికి వీపీఎన్ సేవ అమ్మే కంపెనీలు వాడకందారుల వివరాలు 5 ఏళ్లు దాచాలన్నాయి. కంపెనీల సొంత వీపీఎన్‌లకు ఇది వర్తించదని సెర్ట్-ఇన్ తర్వాత వివరణ కూడా ఇచ్చింది.

స్ప్లిట్ చేస్తే నేను చూసే సైట్లు ఆఫీసుకు తెలియవా?

సొంత సైట్ల పేర్లు ఆఫీసు డీఎన్ఎస్ లాగ్‌లో పడవు, ఇంటి నెట్ కంపెనీ లాగ్‌లో పడతాయి. అయితే ఆఫీసు లాప్‌టాప్‌లో నిఘా సాఫ్ట్‌వేర్ ఉంటే దానికి డీఎన్ఎస్‌తో పనిలేదు.

## సెట్టింగ్ పెట్టేటప్పుడు

విండోస్‌లో ఎక్కడ పెట్టాలి? అడాప్టర్ ప్రాపర్టీస్‌లో కనిపించడం లేదు.

అక్కడ ఉండదు. విండోస్ 7 కాలం నుంచీ దీనికి ఎన్ఆర్‌పీటీ అనే పట్టిక ఉంది, ఏ పేరుకు ఏ సర్వర్‌ను అడగాలో అందులో ఉంటుంది. పవర్‌షెల్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి యాడ్-డీఎన్ఎస్‌క్లయింట్ఎన్ఆర్‌పీటీరూల్ కమాండ్ ఇవ్వాలి. నేమ్‌స్పేస్ దగ్గర .ఆఫీస్.ఇంటర్నల్ అనీ, నేమ్‌సర్వర్స్ దగ్గర 10.20.0.53 అనీ రాయాలి. డొమైన్ ముందున్న ఆ చుక్కే ముఖ్యం. చుక్క ఉంటే ఆ డొమైన్ కింద ఉన్న పేర్లన్నిటికీ నియమం వర్తిస్తుంది. లేకపోతే ఆ ఒక్క పేరుకే. పెట్టాక గెట్-డీఎన్ఎస్‌క్లయింట్ఎన్ఆర్‌పీటీపాలసీ కొట్టి, నియమం నిజంగా అమల్లో ఉందో లేదో చూడండి. కంపెనీ గ్రూప్ పాలసీ ద్వారా ఇలాంటి నియమాలు ముందే వచ్చి ఉంటే మీరు పెట్టినవాటిని విండోస్ పట్టించుకోకపోవచ్చు. అప్పుడు ఐటీ వాళ్లే చేయాలి.

ఉబుంటులో ఎలా?

ఇప్పటి ఉబుంటు వెర్షన్లలో సిస్టమ్‌డీ-రిజాల్వ్‌డ్ ఈ పని చూస్తుంది. ఫెడోరాలో 33 నుంచి. వీపీఎన్ కలిశాక దాని ఇంటర్‌ఫేస్ పేరు (కంప్యూటర్ ఆ కనెక్షన్‌కు పెట్టుకున్న పేరు) చూసుకోండి, టన్0 అనుకుందాం. సుడోతో, అంటే అడ్మిన్ హక్కులతో, రెండు కమాండ్లు: రిజాల్వ్‌సీటీఎల్ డీఎన్ఎస్ టన్0 10.20.0.53, తర్వాత రిజాల్వ్‌సీటీఎల్ డొమైన్ టన్0 ~ఆఫీస్.ఇంటర్నల్.

డొమైన్ ముందున్న అల గుర్తును (~) ఊరికే పెట్టలేదు. అది ఉంటే ‘ఈ డొమైన్ పేర్లను ఇటు పంపు’ అన్నంత వరకే అర్థం. లేకపోతే సెర్చ్ డొమైన్ కూడా అవుతుంది, అంటే మీరు కొట్టే పొట్టి పేర్లకు వెనక ఆఫీసు డొమైన్ తగిలించి వెతుకుతుంది. ఒట్టి ~. పెడితే మాత్రం సమస్త ప్రశ్నలూ వీపీఎన్‌లోకే పోతాయి, అప్పుడిక స్ప్లిట్ అన్నమాటే లేదు. నెట్‌లో దొరికే చాలా స్క్రిప్టుల్లో ఇదే ఉంటుంది. చూడకుండా కాపీ చేయొద్దు.

రెండు ఇంటర్‌ఫేస్‌లకూ సరిపోయే పేరు వస్తే పొడవైన డొమైన్‌కే గెలుపు. కాబట్టి ఇంకో వీపీఎన్‌కు ~ల్యాబ్.ఆఫీస్.ఇంటర్నల్ ఇస్తే, ల్యాబ్ పేర్లు దానికే వెళ్తాయి.

అది ప్రతిసారీ కొట్టాల్సి వస్తోంది. శాశ్వతంగా ఉండాలంటే?

రిజాల్వ్‌సీటీఎల్‌తో పెట్టినవి ఆ ఇంటర్‌ఫేస్ బతికున్నంత వరకే. వీపీఎన్ లినక్స్ కనెక్షన్లను చూసుకునే నెట్‌వర్క్‌మేనేజర్‌లో ఉంటే ప్రొఫైల్‌లోనే రాయండి: ఎన్ఎమ్‌సీఎల్ఐ కనెక్షన్ మాడిఫై, ప్రొఫైల్ పేరు, ఐపీవీ4.డీఎన్ఎస్-సెర్చ్ దగ్గర ~ఆఫీస్.ఇంటర్నల్. దానితోపాటు ఐపీవీ4.నెవర్-డిఫాల్ట్‌కు యెస్ ఇవ్వండి. లేకపోతే ట్రాఫిక్ మొత్తం వీపీఎన్‌లోకి పోతుంది. ఐపీవీ4.డీఎన్ఎస్-ప్రయారిటీలో మైనస్ అంకె ఉందేమో కూడా చూడండి. మైనస్ ఉంటే మిగతా కనెక్షన్ల డీఎన్ఎస్‌లన్నీ పక్కకు పోతాయి.

వైర్‌గార్డ్ వీపీఎన్ ఫైల్‌లో డీఎన్ఎస్ లైన్ ఉంది కదా, అక్కడే డొమైన్ రాస్తే చాలదా?

లినక్స్‌లో చాలదు. వైర్‌గార్డ్‌ను లేపే డబ్ల్యూజీ-క్విక్ ఆ లైన్ చూడగానే అన్ని ప్రశ్నలూ తనకే రావాలన్నట్టు సెట్ చేస్తుంది. అక్కడ రాసిన డొమైన్‌ను సెర్చ్ డొమైన్‌గానే తీసుకుంటుంది. ఆ లైన్ తీసేసి, పోస్ట్అప్ అనే లైన్‌లో రిజాల్వ్‌సీటీఎల్ కమాండ్లు రెండూ పెట్టండి, ఇంటర్‌ఫేస్ పేరు ఉండాల్సిన చోట %ఐ రాయండి. ఇకపై వీపీఎన్ లేచిన ప్రతిసారీ అవే నడుస్తాయి.

ఇంకొకటి మరిచిపోతుంటారు. అలౌడ్ఐపీస్‌లో (టన్నెల్‌లోంచి పోవాల్సిన ఐపీల జాబితా) ఆఫీసు రేంజ్‌తోపాటు డీఎన్ఎస్ సర్వర్ ఐపీ కూడా పడాలి. అది ఆ రేంజ్‌కు బయట ఉంటే 10.20.0.53/32 అని విడిగా చేర్చండి. లేకపోతే ప్రశ్న ఇంటి రూటర్ దగ్గరికి వెళ్లి అక్కడే ఇంకిపోతుంది.

ఓపెన్‌వీపీఎన్‌లో సర్వరే డీఎన్ఎస్ సెట్టింగ్‌లన్నీ నా కంప్యూటర్‌కు నెట్టేస్తోంది. నా వైపు ఆపవచ్చా?

విండోస్‌లో ముందు చూడాల్సింది బ్లాక్-అవుట్‌సైడ్-డీఎన్ఎస్ అనే మాట. అది ఉంటే వీపీఎన్ బయట డీఎన్ఎస్‌కు దారే మూసేస్తుంది, స్ప్లిట్ ఎలా పెట్టినా పనిచేయదు. విండోస్ 8 నుంచి ఒకే పేరును అన్ని అడాప్టర్లలోనూ ఒకేసారి అడిగే అలవాటు వచ్చింది. దానివల్ల ఆఫీసు పేర్లు బయటికి పొక్కకుండా ఆపడానికే ఇది. పుల్-ఫిల్టర్ ఇగ్నోర్‌తో మీ ఫైల్‌లో దాన్ని పక్కన పెట్టవచ్చు. కానీ సర్వర్ పంపిందంటే ఎవరో కావాలనే పెట్టారన్నమాట, అడిగి చేయండి.

మ్యాక్‌లో చాలా కష్టమన్నారు. నిజమేనా?

అన్నిటికంటే తేలిక. /ఈటీసీ/రిజాల్వర్ అనే ఫోల్డర్ లేకపోతే సుడోతో సృష్టించండి. అందులో ఆఫీస్.ఇంటర్నల్ అనే పేరుతో ఫైల్ పెట్టి, లోపల నేమ్‌సర్వర్ 10.20.0.53 అని ఒక్క లైన్ రాయండి. ఫైల్ పేరే డొమైన్. స్కుటిల్ --డీఎన్ఎస్ కొడితే ఆ నియమం జాబితాలో కనబడాలి.

ఫోన్‌లో వీపీఎన్ పెట్టి, లాప్‌టాప్‌కు హాట్‌స్పాట్ ఇస్తే ఈ గొడవ ఉండదు కదా?

మామూలు ఆండ్రాయిడ్ ఫోన్‌లలో హాట్‌స్పాట్ ట్రాఫిక్ ఫోన్ వీపీఎన్‌లోంచి పోదు. లాప్‌టాప్‌లో వీపీఎన్ విడిగా పెట్టుకోవాల్సిందే.

## పెట్టాక సరిచూసుకోవడం

అంతా సరిగ్గా పెట్టాను, పేరుకు ఐపీ వెతికే ఎన్ఎస్‌లుకప్ కమాండ్ మాత్రం పేరు లేదంటోంది. ఎక్కడ తప్పింది?

బహుశా ఎక్కడా తప్పలేదు. విండోస్‌లో ఎన్ఎస్‌లుకప్ ఎన్ఆర్‌పీటీ పట్టికను చూడదు, నేరుగా అడాప్టర్‌లో ఉన్న సర్వర్‌ను అడుగుతుంది. మ్యాక్‌లో డిగ్, ఎన్ఎస్‌లుకప్ రెండూ రిజాల్వర్ ఫోల్డర్‌ను పట్టించుకోవు. విండోస్‌లో రిజాల్వ్-డీఎన్ఎస్‌నేమ్, మ్యాక్‌లో డీఎస్‌క్యాష్‌యుటిల్ -క్యూ హోస్ట్ -ఏ నేమ్, ఉబుంటులో రిజాల్వ్‌సీటీఎల్ క్వెరీ వాడండి. ఈ చివరిదాంట్లో ఒక సుఖముంది: జవాబు ఏ ఇంటర్‌ఫేస్ నుంచి వచ్చిందో పక్కనే చూపిస్తుంది. ఏదీ గుర్తులేకపోతే పింగ్ కొట్టండి. పింగ్‌కు జవాబు రాకపోయినా ఫర్వాలేదు, బ్రాకెట్లలో ఐపీ కనిపించిందంటే పేరు దొరికినట్టే.

పింగ్‌లో ఐపీ వస్తోంది, బ్రౌజర్‌లో మాత్రం సైట్ దొరకలేదంటోంది.

బ్రౌజర్‌లో సెక్యూర్ డీఎన్ఎస్ ఆన్ అయి ఉందేమో చూడండి. అది ఆన్‌లో ఉంటే బ్రౌజర్ మీ కంప్యూటర్ సెట్టింగ్‌ను పక్కనపెట్టి, తను ఎంచుకున్న సర్వర్‌ను 443 పోర్ట్‌లో సొంతంగా అడగవచ్చు. ఆ సర్వర్‌కు మీ ఆఫీసు పేరు తెలిసే అవకాశమే లేదు. క్రోమ్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద ఆపండి. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిగా ఆపకుండా, మినహాయింపుల జాబితాలో ఆఫీస్.ఇంటర్నల్ చేర్చినా సరిపోతుంది.

ఇందాక రాలేదు, సెట్టింగ్ సరిచేశాక కూడా రావడం లేదు.

‘ఆ పేరు లేదు’ అన్న జవాబు కూడా కొంతసేపు క్యాష్‌లో, అంటే కంప్యూటర్ దాచుకున్న పాత జవాబుల్లో ఉంటుంది. దాన్ని ఖాళీ చేయాలి. విండోస్‌లో ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్ఎస్, ఉబుంటులో రిజాల్వ్‌సీటీఎల్ ఫ్లష్-క్యాషెస్. మ్యాక్‌లో డీఎస్‌క్యాష్‌యుటిల్ -ఫ్లష్‌క్యాష్ తర్వాత ఎమ్‌డీఎన్ఎస్‌రెస్పాండర్‌ను కిల్ఆల్ -హప్‌తో తట్టిలేపాలి. బ్రౌజర్‌ను కూడా మూసి తెరవండి, దానికి వేరే క్యాష్ ఉంటుంది.

## నడుస్తుండగా వచ్చే చిక్కులు

కరెంటు పోయి ఫైబర్ నుంచి హాట్‌స్పాట్‌కు మారితే ఆఫీసు పేర్లు పోతున్నాయి. మీటింగ్ మధ్యలో టెన్షన్.

హాట్‌స్పాట్‌కు మారగానే మీ బయటి ఐపీ మారుతుంది. వైర్‌గార్డ్ దాన్ని తట్టుకుని అదే ఇంటర్‌ఫేస్‌తో కొనసాగుతుంది. కొన్ని ఇతర వీపీఎన్‌లు తెగి మళ్లీ కలుస్తాయి, కొత్త ఇంటర్‌ఫేస్ పుడుతుంది, చేత్తో పెట్టిన నియమాలు పాతదానితోనే పోతాయి. నియమాలు ప్రొఫైల్‌లోనో, కలిసినప్పుడు నడిచే స్క్రిప్టులోనో ఉంటే ఈ బాధ ఉండదు. రూటర్‌కూ ఫైబర్ పెట్టెకూ కలిపి ఒక చిన్న యూపీఎస్ పెట్టుకోవడం డీఎన్ఎస్ సలహా కాదు గానీ, మన ఊళ్లలో దానికంటే బాగా పనిచేసేది ఇంకోటి లేదు.

మా ఇంట్లో ఫోన్ ఒకసారి ఒడిశా టవర్‌ను, ఒకసారి ఆంధ్రా టవర్‌ను పట్టుకుంటుంది. దానివల్ల ఆఫీసు డీఎన్ఎస్ మారుతుందా?

మారదు. మారేది ఫోన్ కంపెనీ ఇచ్చే డీఎన్ఎస్, బయటి ఐపీ మాత్రమే. స్ప్లిట్ సరిగ్గా ఉంటే ఆఫీసు పేర్లకు వాటితో పనే లేదు. వీపీఎన్ తెగి కలవడం మాత్రం ఉంటుంది.

పేరుకు ఐపీ సరిగ్గానే వస్తోంది, 192.168.1.10. కానీ సర్వర్ తెరుచుకోవడం లేదు.

మీ ఇంటి రూటర్ కూడా 192.168.1.1 మీదే ఉండి ఉంటుంది. చాలా రూటర్లు అలాగే వస్తాయి. అప్పుడు కంప్యూటర్ ఆ సర్వర్‌ను మీ ఇంట్లోనే వెతుకుతుంది. రూటర్ పేజీలో ఇంటి నెట్‌వర్క్‌ను 192.168.77.1 లాంటిదానికి మార్చి, అన్నిటినీ ఒకసారి ఆపి పెట్టండి.

మా ఆఫీసు డొమైన్ చివర డాట్ లోకల్ ఉంది. లినక్స్‌లో, మ్యాక్‌లో మొరాయిస్తోంది.

డాట్ లోకల్‌ను 2013లో ఆర్ఎఫ్‌సీ 6762 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రం ఇంట్లోని ప్రింటర్లు, టీవీలు ఒకదాన్నొకటి వెతుక్కునే ఎమ్‌డీఎన్ఎస్‌కు కేటాయించింది. అంతకుముందే విండోస్ సర్వర్లు పెట్టిన కంపెనీలు ఈ పేరే వాడేశాయి, ఇప్పుడు మార్చడం వాళ్లకూ కష్టం. ఉబుంటులో ఆ పూర్తి డొమైన్‌కు అల గుర్తుతో నియమం ఇవ్వండి. అప్పటికీ రాకపోతే ఎన్ఎస్‌స్విచ్ ఫైల్‌లో హోస్ట్స్ లైన్ చూడండి. ఎమ్‌డీఎన్ఎస్4_మినిమల్ పక్కన నాట్‌ఫౌండ్=రిటర్న్ ఉంటే వెతుకులాట అక్కడే ఆగిపోతుంది. కొత్తగా డొమైన్ పెట్టుకునే కంపెనీలకైతే డాట్ ఇంటర్నల్ ఉంది, 2024లో ఇంటర్నెట్ పేర్ల వ్యవస్థను చూసే ఐకాన్ సంస్థ దాన్ని లోపలి వాడకానికే విడిచిపెట్టింది.

ఆఫీసు పోర్టల్ వీపీఎన్ లేనప్పుడు కూడా తెరుచుకునేది. నియమం పెట్టాక వీపీఎన్ లేకపోతే రావడం లేదు.

ఆ పేరుకు లోపల ఒక ఐపీ, బయట ఇంకో ఐపీ ఉన్నాయి. విండోస్ ఎన్ఆర్‌పీటీ నియమం, మ్యాక్ రిజాల్వర్ ఫైల్ వీపీఎన్ ఆగినా అలాగే ఉంటాయి కాబట్టి, కంప్యూటర్ అందని సర్వర్‌నే అడుగుతూ ఉంటుంది. బయట కూడా కనిపించే డొమైన్ మొత్తానికి నియమం పెట్టకండి, లోపలికే పరిమితమైన ఉపడొమైన్‌కు మాత్రం పెట్టండి. ఉబుంటులో ఈ చిక్కు రాదు, ఇంటర్‌ఫేస్‌తోపాటే నియమమూ పోతుంది.

రైల్వే స్టేషన్ వైఫైలో లాగిన్ పేజీయే రావడం లేదు.

లాగిన్ పేజీ ఆ వైఫై సొంత డీఎన్ఎస్‌తోనే తెరుచుకుంటుంది. ముందు వీపీఎన్ ఆపి, లాగిన్ అయ్యాక పెట్టండి.

విండోస్‌లో పేరు దొరుకుతోంది, డబ్ల్యూఎస్ఎల్ లోపల ఉబుంటులో దొరకడం లేదు.

విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ 2 వేరే నెట్‌వర్క్ ఉన్న చిన్న యంత్రం లాంటిది. విండోస్ 11లో కొత్త డబ్ల్యూఎస్ఎల్ ఉంటే .డబ్ల్యూఎస్ఎల్‌కాన్ఫిగ్ ఫైల్‌లో డీఎన్ఎస్‌టన్నెలింగ్=ట్రూ అని ఉండాలి. అప్పుడు లోపలి ప్రశ్నలను విండోసే చూసుకుంటుంది. మార్చాక డబ్ల్యూఎస్ఎల్ --షట్‌డౌన్ తప్పనిసరి.

ఇవన్నీ తీసేసి మొదట్లా చేసుకోవాలంటే?

విండోస్‌లో గెట్-డీఎన్ఎస్‌క్లయింట్ఎన్ఆర్‌పీటీరూల్ కొట్టి, మీరు పెట్టిన నియమం పేరు చూసుకుని, రిమూవ్-డీఎన్ఎస్‌క్లయింట్ఎన్ఆర్‌పీటీరూల్‌తో ఆ ఒక్కదాన్నే తీయండి. కంపెనీ పెట్టినవాటి జోలికి వెళ్లొద్దు. ఉబుంటులో రిజాల్వ్‌సీటీఎల్ రివర్ట్ టన్0, ప్రొఫైల్‌లో రాసినవి ఉంటే వాటిని ఖాళీ చేయండి. మ్యాక్‌లో రిజాల్వర్ ఫోల్డర్‌లోని ఆ ఫైల్ తీసేస్తే చాలు. వైర్‌గార్డ్‌లో పోస్ట్అప్ లైన్ తీసి పాత డీఎన్ఎస్ లైన్ తిరిగి పెట్టండి. తర్వాత క్యాష్ ఖాళీ చేసి, వీపీఎన్ ఒకసారి ఆపి కలపండి.